డీజిల్ పంపు ముందే ఎందుకు పాడవుతుంది?

రోడ్డు పక్కన ఆగిపోయిన లారీని మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. చక్రాల కింద అడ్డం పెట్టిన రాళ్ళు, వచ్చేపోయేవాళ్ళకు గుర్తుగా రోడ్డు మీద పరిచిన వేపకొమ్మలు, లారీ నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్న క్లీనరు. "ఏమైంది?" అని అడిగితే టైరు పేలిందనో, ఆక్సిల్ విరిగిందనో చెబుతారు. అవైతే ఆ పూటకో మర్నాటికో బాగవుతాయి. కాని ఒక్కోసారి డ్రైవరు నుదురు పట్టుకుని, "డీజిల్ పంపు పోయింది" అంటాడు. ఆ మాట వింటే లారీ యజమానికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఎందుకంటే అది ఇంజను మీద ఉండే పరికరాలలో చాలా ఖరీదైనది. దాన్ని విప్పి బాగుచెయ్యడం రోడ్డు పక్కన అయ్యే పని కాదు. అందుకు వేరే పంపు షాపులు, వేరే యంత్రాలు, వేరే మేస్త్రీలు ఉంటారు.

అన్నిటికీ మించిన వింత ఒకటుంది. ఒకే కంపెనీలో, ఒకే నెలలో తయారైన రెండు పంపులలో ఒకటి లక్షల కిలోమీటర్లు నిక్షేపంగా పనిచేస్తుంది. రెండోది అందులో పదో వంతు దూరం కూడా వెళ్ళకుండానే మూలపడుతుంది. రెండూ మోసిన బరువులు ఒకటే, తిరిగిన రోడ్లు ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఈ నెల ఆ సంగతే చూద్దాం.

ముందు అసలు డీజిల్ ఇంజనుకు ఈ పంపు ఎందుకో తెలియాలి. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం పట్టుకుని చూశారా? వేడిగా ఉంటుంది. గాలిని గబగబా అణిచితే వేడెక్కుతుంది. స్కూటరులో, మోటారు సైకిలులో పెట్రోలును మండించడానికి స్పార్కు ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనుకు అది లేదు. సిలిండరులోకి వచ్చిన గాలిని ముషలకం, అంటే పిస్టను, దాదాపు 16 నుంచి 18వ వంతుకు అణిచేస్తుంది. అప్పుడా గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో డీజిలును సన్నని తుంపరగా లోపలికి చిమ్మితే చాలు, దానంతట అదే అంటుకుంటుంది.

ఈ ఆలోచన రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరుది. 1893లో ఆయనకు పేటెంటు వచ్చింది. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో ఆయన ఇంజను చక్కగా పనిచేసి చూపించింది. కాని అంత పీడనంతో నిండిన సిలిండరులోకి ఇంధనాన్ని తోయడం ఎలా? అందుకోసం ఆయన బాగా అణిచిన గాలితో ఇంధనాన్ని ఊదించాడు. ఆ గాలి కోసం ఇంజను పక్కన పెద్ద కంప్రెసరు కావాలి. ఫ్యాక్టరీలోనో ఓడలోనో అయితే ఫరవాలేదు, లారీ మీద అంత సామాను ఎక్కడ పెడతారు? గాలి సాయం లేకుండా డీజిలును నేరుగా తోసే చిన్న పంపును స్టట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కంపెనీ తయారుచేసి 1927లో పెద్దయెత్తున ఉత్పత్తి మొదలుపెట్టింది. లారీలకు డీజిల్ ఇంజను బాగా అలవాటైంది ఆ తర్వాతనే. మన దేశంలో ఇలాంటి పరికరాల కోసం 1951లో మైకో అనే కంపెనీ వెలిసింది. 2008లో దాని పేరు బాష్ అని మారింది. పాత లారీల పంపుల మీద 'మైకో' అనే అక్షరాలు చూసినవాళ్ళు మీ ఇళ్ళలో పెద్దవాళ్ళెవరైనా ఉండవచ్చు.

ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఆరు సిలిండర్ల లారీ ఒకటి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తోంది. అంటే గంటకు 10 లీటర్ల డీజిల్. ఇంజను నిమిషానికి 1500 సార్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి డీజిల్ చిమ్మాలి కాబట్టి నిమిషానికి 750 సార్లు. ఆరు సిలిండర్లకు 4500 సార్లు. గంటకు 2,70,000 సార్లు! పది లీటర్లను ఆ సంఖ్యతో భాగిస్తే ఒక్కోసారి చిమ్మేది సుమారు 37 ఘన మిల్లీమీటర్లు. కంటిమందు సీసా నుంచి పడే చుక్క 50 ఘన మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే ఒక్క చుక్క కూడా కాదు, ముప్పాతిక చుక్క! దాన్ని సెకనులో సుమారు 500వ వంతు కాలంలో, ఆరు సిలిండర్లకూ సమానంగా, ఒక్కసారి కూడా తప్పకుండా పంచిపెట్టాలి. పప్పుదినుసులు తూచే త్రాసుకు కూడా ఇంత ఓపిక ఉండదు.

ఈ పని చేసే భాగం చూడడానికి ఎంతో సామాన్యమైనది. వెదురు గొట్టంతో చేసిన చిమ్మనగ్రోవి మీకు తెలుసు కదా? గొట్టంలోకి పుల్లను తోస్తే కొసనున్న సన్నని రంధ్రంలోంచి నీరు దూరంగా చిమ్ముతుంది. డీజిల్ పంపులోనూ అంతే. ఉక్కు గొట్టం పేరు బారెలు, అందులో పైకీ కిందికీ ఆడే ఉక్కు కడ్డీ పేరు ప్లంజరు. పాత తరహా పంపులో సిలిండరుకొక జత ఉంటుంది. మెకానిక్కులు ఆ జతను 'ఎలిమెంటు' అంటారు. కింద తిరిగే క్యాము ప్లంజరును పైకి తోస్తుంది, స్ప్రింగు కిందికి లాగుతుంది. ప్లంజరు మీద ఏటవాలుగా ఒక గాడి కోసి ఉంటుంది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కితే ప్లంజరు తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది. అప్పుడు గాడి ముందుగానో ఆలస్యంగానో రంధ్రం దగ్గరికి వచ్చి, చిమ్మే డీజిల్ తగ్గడమో పెరగడమో జరుగుతుంది.

కాని చిమ్మనగ్రోవికీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. చిమ్మనగ్రోవి పుల్లకు నీరు వెనక్కు రాకుండా గుడ్డపేలిక చుడతారు. ఇక్కడ గుడ్డ లేదు, రబ్బరు వాషరు లేదు, ఏమీ లేదు. ఉన్నదల్లా ఉక్కూ, ఉక్కూ. లారీ టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 8 కిలోలు. ఈ పంపు పంపిన డీజిలుకు ఇంజెక్టరు నాజిలు తెరుచుకోవాలంటేనే దాదాపు 200 కిలోల పీడనం కావాలి. ఆ పీడనం దగ్గర డీజిల్ వెనక్కు కారిపోకుండా ఆపేది ఏమిటి? ప్లంజరు, బారెలు అంత బిగువుగా అమరి ఉండడమే. ఆ రెంటి మధ్య ఖాళీ 2 నుంచి 4 మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీ తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఒక్క వెంట్రుకను నిలువునా ఇరవై పైచిలుకు పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొర ఆ ఖాళీలో పడుతుంది! ఈ రెంటినీ జతగా అరగదీసి తయారుచేస్తారు. ఒక జతలోని ప్లంజరును ఇంకో జతలోని బారెలులో పెట్టడం కుదరదు.

ఇక్కడ భౌతికశాస్త్రం ఒక కఠినమైన నియమం చెబుతుంది. సన్నని సందులోంచి కారే ద్రవం ఆ సందు వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 3 మైక్రాన్ల ఖాళీ అరిగి 6 మైక్రాన్లయితే కారుడు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు! 9 మైక్రాన్లయితే ఇరవై ఏడు రెట్లు. ప్లంజరు ఎంత అరిగిందో కంటికి కనబడకముందే పంపు పని అయిపోతుంది.

పంపు అరుగుతోందనడానికి మొదటి గుర్తు తమాషాగా ఉంటుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు లారీ చక్కగా స్టార్టవుతుంది. ఘాటు రోడ్డెక్కి, భోజనానికి ఆపి, మళ్ళీ తాళం తిప్పితే మాత్రం మొరాయిస్తుంది. కొందరు డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేస్తారు. అప్పుడు స్టార్టవుతుంది. ఇది మంత్రం కాదు. వేడెక్కిన డీజిల్ పలచబడి, అరిగిన సందులోంచి తొందరగా కారిపోతుంది. పైగా స్టార్టు చేసేటప్పుడు ఇంజను నిమిషానికి నూటయాభై చుట్ల వంటి కొద్దిపాటి వేగంతో తిరుగుతుంది. ప్లంజరు మెల్లగా కదులుతుంది కనుక కారిపోవడానికి పదింతల వ్యవధి దొరుకుతుంది. నాజిలు తెరుచుకునే పీడనమే రాదు. తడిగుడ్డ వేస్తే డీజిల్ మళ్ళీ చిక్కబడుతుంది. తడిగుడ్డతో నడిచే లారీ ఇంకెంతోకాలం నడవదని తెలుసుకోవాలి.

సరే, ఇంత బిగువుగా ఉన్న ఉక్కు మీద ఉక్కు గంటకు 45,000 సార్లు రాసుకుంటూ ఉంటే మధ్యలో కందెన ఎవరు పోస్తారు? ఇంజనులోని ఇతర భాగాలకు ఇంజను ఆయిలు ఉంది. పాత తరహా పంపులో కింది క్యాముకు కూడా ఆ ఆయిలే అందుతుంది. కాని ప్లంజరుకు ఆయిలు లేదు. దాన్ని తడిపేది అది తోస్తున్న డీజిలే! పంపుకు తిండీ అదే, కందెనా అదే. కొన్ని రకాల పంపులలోనైతే క్యాములు, బేరింగులు సహా లోపలి భాగాలన్నీ డీజిలులోనే మునిగి తిరుగుతాయి. మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పంపు చేసిన పని వల్ల ముందుగా చావదు. తాగిన డీజిలులో ఏమి కలిసి ఉందో దాని వల్ల చస్తుంది.

అలా కలిసేవాటిలో మొదటిది దుమ్ము. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు సొంత లారీ కొనుక్కుని ధాన్యం తోలుతున్నాడు. ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మాస్టారూ, కొత్త ఫిల్టరు వేయించి వారం కాలేదండీ. పంపు పోయిందండి. కిస్తీ కట్టే నెలండీ" అన్నాడు.

"ఫిల్టరు ఎలా వేశార్రా?" అన్నాను.

"ఏముందండీ, బకెట్లో డీజిలు పట్టి, కొత్త ఫిల్టరు నిండా పోసి బిగించారండి. ఖాళీ ఫిల్టరు బిగిస్తే ఎయిరు తియ్యడం ఆలస్యమవుతుందని."

సమాధానం వాడి నోట్లోనే ఉంది. పంపు షాపులో విప్పిన ప్లంజరును నేనూ వెళ్ళి భూతద్దంతో చూశాను. అద్దంలా మెరవాల్సిన ఉక్కు పైఅంచు దగ్గర మసకబారి, నిలువుగా సన్నని గీతలు పడి ఉంది. ఫిల్టరు కాగితం ఒకవైపు నుంచి వచ్చే మురికిని ఆపి రెండో వైపుకు శుభ్రమైన డీజిలును వదులుతుంది. వాళ్ళు రోడ్డు పక్కన, మూతలేని బకెట్టులోని డీజిలును ఫిల్టరు మధ్య రంధ్రంలో పోశారు. అది శుభ్రమైన వైపు! ఆ డీజిలును వడకట్టేవారు ఇక ఎవరూ లేరు. బకెట్టులోని దుమ్మంతా తిన్నగా పంపులోకి వెళ్ళింది. పది నిమిషాలు ఆదా చేయబోయి పంపు పోగొట్టుకున్నారు.

"డీజిలు తేటగానే కనబడిందండీ" అన్నాడు వాడు. కనబడుతుంది మరి. మామూలు కంటికి 40 మైక్రాన్ల కంటే చిన్న రేణువు కనబడదు. పంపును చంపేది అంతకంటే ఎంతో చిన్నది. పెద్ద రేణువు ఆ సందులో దూరలేదు. రంధ్రం అంచు దగ్గర ప్లంజరు మూసుకుంటున్నప్పుడు నలిగి ముక్కలై అంచును గీస్తుంది. 3, 4 మైక్రాన్లది మాత్రం సరిగ్గా సందులో ఇరుక్కుని, సానరాయి పొడిలా రెండు వైపులా అరగదీస్తుంది. మన ఎర్రమట్టి రోడ్ల దుమ్ములో ఉండే ఇసుకరేణువు ఉక్కును గీయగలిగినంత గట్టిది. అందుకే కొత్త ఫిల్టరును ఖాళీగానే బిగించి, పక్కనుండే చేతిపంపు కొడుతూ డీజిలును ఫిల్టరు కాగితం గుండానే నింపాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, నిజమే. ఫిల్టరును విప్పేముందు దాని చుట్టూ ఉన్న మట్టిని తుడవడం, విప్పిన గొట్టాల మూతికి మూత పెట్టడం, దూదిపింజలు రాలే పాతగుడ్డతో లోపల తుడవకుండా ఉండడం కూడా ఈ కోవలోవే. చవకగా దొరికే నకిలీ ఫిల్టరు గురించి వేరే చెప్పనక్కరలేదు. దాని రేకు డబ్బా అసలుదానిలాగే ఉంటుంది, లోపలి కాగితం మాత్రం అసలుది కాదు.

రెండో శత్రువు నీరు. "డీజిల్ ట్యాంకులోకి నీళ్ళెలా వస్తాయి సార్, ఎవరూ పొయ్యరు కదా?" అని మీరు అడగవచ్చు. గాలి పోస్తుంది! చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద మంచుబిందువులు చూస్తున్నారు కదా, అవే ట్యాంకు లోపలి గోడల మీద కూడా ఏర్పడతాయి. లెక్క వేసి చూద్దాం. 400 లీటర్ల ట్యాంకు సగం ఖాళీగా ఉంది. అంటే 200 లీటర్ల గాలి ఉంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే పట్టుకోగలదు. ఘనమీటరుకు 13 గ్రాములు నీరుగా మారాలి. 200 లీటర్లంటే ఘనమీటరులో అయిదో వంతు. కాబట్టి గాలి పూర్తిగా తేమతో నిండి ఉంటే ఒక్క రాత్రిలో రెండున్నర గ్రాముల నీరు, అంటే అరచెంచా. ఇంతేనా అనకండి. మర్నాడు డీజిల్ తగ్గేకొద్దీ బయటి నుంచి కొత్త గాలి వస్తుంది, రాత్రికి మళ్ళీ చెమరుస్తుంది. సముద్రం ఒడ్డున ఉండే ఊళ్ళలో గాలిలో తేమ మరీ ఎక్కువ. ఆ నీరు ఎక్కడికీ పోదు. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు, లీటరు నీరు 1000 గ్రాములు. బరువైన నీరు అడుక్కు చేరి కూర్చుంటుంది. ఇంట్లో సీసాలో వేరుశనగ నూనె, నీళ్ళు పోసి కుదిపి ఓ గంట ఉంచితే ఇదెలా ఉంటుందో మీరే చూడవచ్చు.

ఈ నీరు పంపులోకి వెళితే రెండు ఉపద్రవాలు. నీటికి కందెన గుణం లేదు. 40 డిగ్రీల దగ్గర డీజిల్ నీటికన్నా మూడు నుంచి ఏడు రెట్లు చిక్కగా ఉండి రెండు ఉక్కుల మధ్య పొరలా నిలుస్తుంది. నీటిపొర అలా నిలవదు, ఉక్కు ఉక్కును తాకుతుంది. ఇక లారీ వారం రోజులు నిలిచిపోయిందంటే ఆ నీరు తుప్పు పట్టిస్తుంది. అద్దంలాంటి ఉక్కు మీద ఒక చిన్న తుప్పుచుక్క చాలు, ఆ జత పనికిరాకుండా పోవడానికి. ఇంకో వింత కూడా ఉంది. నీరూ డీజిలూ కలిసే సరిహద్దులో కొన్ని రకాల సూక్ష్మజీవులు పెరుగుతాయి! నీటిలో నివాసం, డీజిలులో భోజనం. అవి నల్లని జిగురుగా మారి ఫిల్టరును మూసేస్తాయి. అనుభవమున్న డ్రైవర్లు రాత్రి బండి ఆపేముందే ట్యాంకు నింపుకుంటారు. ట్యాంకు నిండుగా ఉంటే గాలికి చోటులేదు, చెమ్మకూ చోటులేదు.

ట్యాంకు నిండుగా ఉంచడంలో ఇంకో లాభం ఉంది. పంపుకు వెళ్ళిన డీజిల్ అంతా ఇంజనులోకి పోదు, మిగిలింది వేడిని మోసుకుంటూ తిరిగి ట్యాంకులోకి వస్తుంది. ట్యాంకు నిండా ఉంటే ఆ వేడి అందరికీ పంచినట్లు తగ్గిపోతుంది. అడుగున నాలుగు లీటర్లే ఉంటే అదే డీజిల్ మళ్ళీ మళ్ళీ తిరిగి కాగుతుంది, పలచబడుతుంది. పూర్తిగా అయిపోతే మరీ ప్రమాదం. పంపు గాలిని పీల్చుకుంటుంది. గాలి నొక్కితే నొక్కుకుపోతుంది కాని నాజిలును తెరవదు. అందుకే గాలి చేరిన ఇంజను స్టార్టు కాదు. అప్పుడు గాలిని బయటికి తియ్యకుండా అదేపనిగా తాళం తిప్పుతూ ఉంటే ప్లంజరు పొడి ఉక్కు మీద ఆడుతుంది. వంద రూపాయల డీజిల్ తర్వాతి బంకులో పోయిద్దామని చూసినవాడు పంపునే ఎండబెట్టుకుంటాడు.

ఈ కాలపు లారీలకు ఇంకో కొత్త పొరపాటు తోడయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్-6 నియమాలు వచ్చాయి. పొగలోని విషవాయువులను తగ్గించడానికి ఈ లారీలలో చాలావాటికి డీజిల్ ట్యాంకుతో పాటు ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది. దానికి నీలం మూత. అందులో పోసేది యూరియా ద్రావణం, నూటికి 32.5 పాళ్ళు యూరియా, మిగిలింది నీరు. మన రైతులు పొలంలో చల్లే యూరియానే, కాకపోతే చాలా శుభ్రమైనది. దాన్ని నిద్రమత్తులో డీజిల్ ట్యాంకులో పోస్తే ఏమవుతుందో నీటి కథ విన్నారు కాబట్టి మీరే చెప్పగలరు. పైగా నీరు ఆవిరైన చోట యూరియా స్ఫటికాలు మిగులుతాయి. పొరపాటు గ్రహించినవాడు చెయ్యవలసింది ఒక్కటే, తాళం తిప్పకుండా ట్యాంకు మొత్తం ఖాళీ చేయించడం. తాళం తిప్పితే అది పంపు దాకా వెళ్ళిపోతుంది.

ఇక డీజిల్ శుభ్రంగా ఉన్నా పంపు చచ్చిన కథ ఒకటి చెబుతాను. ఇది మన దేశంలో జరిగింది కాదు. డీజిలులో ఉండే గంధకం మండితే గాలి పాడవుతుంది. స్వీడన్ దేశం 1991లో గంధకం దాదాపు లేని డీజిలుకు పన్ను తగ్గించి ప్రోత్సహించింది. గాలి బాగుపడింది. కాని డీజిలుతోనే తడిసే పంపులు టపటపా పాడవడం మొదలైంది! దుమ్ము లేదు, నీరు లేదు, ఏమిటీ వింత? గంధకం కందెనగా పనిచేస్తుందేమోనని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. నిజం అది కాదు. గంధకాన్ని తీసెయ్యడానికి శుద్ధి కర్మాగారంలో డీజిలును హైడ్రోజనుతో చర్య జరిపిస్తారు. ఆ చర్యలో గంధకంతో పాటు ఆక్సిజను, నైట్రోజను ఉన్న కొన్ని పదార్థాలు కూడా పోతాయి. అవి చాలా కొద్దిగా ఉంటాయి కాని ఉక్కు మీద అతుక్కుని పలచని రక్షణపొరలా నిలుస్తాయి. ఆ పొర పోవడంతో పంపులు అరిగాయి.

శాస్త్రజ్ఞులు దీనికి రెండు పనులు చేశారు. పోయిన గుణాన్ని తిరిగి తెచ్చే పదార్థాలను కొద్దిగా డీజిలులో కలపడం ఒకటి. కందెన గుణాన్ని కొలిచే పరీక్ష రెండోది. ఈ పరీక్ష ఎంతో సరళమైనది. 60 డిగ్రీల వేడి డీజిలులో ఒక ఉక్కు పలక మీద 6 మిల్లీమీటర్ల ఉక్కుగుండును 75 నిమిషాలపాటు, సెకనుకు 50 సార్లు ముందుకీ వెనక్కీ రాపాడిస్తారు. తర్వాత గుండు మీద పడిన అరుగుడు మచ్చను సూక్ష్మదర్శినితో కొలుస్తారు. మచ్చ 460 మైక్రాన్లకు మించకపోతే ఆ డీజిల్ పంపుకు పనికివస్తుంది. మన దేశపు డీజిల్ ప్రమాణంలోనూ ఆ 460 హద్దు ఉంది. మన డీజిలులో గంధకం 2017 నుంచి దేశమంతటా పదిలక్షల పాళ్ళలో 50కి, 2020 నుంచి 10కి దిగింది. అయినా మన పంపులు నిలిచాయంటే కారణం ఈ జాగ్రత్తే.

దీన్ని బట్టి డీజిలులో కిరసనాయిలు కలపడం ఎంత తెలివితక్కువ పనో గ్రహించవచ్చు. రేషను కిరసనాయిలుకు నీలిరంగు కలిపింది ఆ దొంగతనం బయటపడాలనే. కిరసనాయిలు పలచన, కందెన గుణం తక్కువ. లీటరుకు మిగిలే ఆ కాసిని రూపాయలు పంపు షాపుకు వడ్డీతో సహా చేరతాయి. ఇంకొందరు దీనికి విరుద్ధంగా, 'పంపుకు మంచిది' అని డీజిలులో వాడిన ఇంజను ఆయిలు కలుపుతారు. వాడిన ఆయిలులో ఇనుపరజను, మసి ఉంటాయి. అది మందు కాదు, దుమ్మును చేతులారా పొయ్యడమే. పైగా అది కాలాక మిగిలే బూడిద కొత్త లారీల పొగగొట్టంలోని వడపోతను కూడా మూసేస్తుంది.

ఇప్పుడు వస్తున్న లారీలలో ప్లంజరుకో సిలిండరు అన్న పద్ధతి పోయింది. పంపు డీజిలును అణిచి ఒక మందపాటి ఉమ్మడి గొట్టంలో నిలవ ఉంచుతుంది. అక్కడి నుంచి కంప్యూటరు చెప్పిన క్షణంలో ఇంజెక్టర్లు తెరుచుకుంటాయి. పీడనం చదరపు సెంటీమీటరుకు 1600 కిలోలు, 2000 కిలోలు, ఇంకా పైన కూడా. చిటికెనవేలి గోరంత చోటులో రెండు టన్నుల బరువు! పంపు ఇంత బలిసినా లోపలి సందులు మాత్రం అలాగే సన్నగా ఉన్నాయి, చాలావాటిని తడిపేది ఇప్పటికీ డీజిలే. పాత పంపులో ఒక ఎలిమెంటు పాడైతే ఆ ఒక్కటీ మార్చేవారు. ఇందులో పంపు అరిగిందంటే ఆ ఇనుపరజను ఉమ్మడి గొట్టంలోకి, అక్కడి నుంచి ఇంజెక్టర్లన్నిటిలోకి పోతుంది. పంపుతో పాటు అన్నీ మార్చాల్సి వస్తుంది. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆ గొట్టాల దగ్గర కారుడు ఉందేమోనని ఎవరూ చెయ్యి పెట్టి చూడకూడదు. ఆ పీడనంతో వచ్చే సన్నని ధార సూదిలా చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. పైకి చిన్న గాటే కనబడుతుంది కాని అది వెంటనే ఆస్పత్రికి వెళ్ళవలసిన గాయం. మీ నాన్నగారో బాబాయిగారో లారీ పని చేసేవారైతే ఈ సంగతి ఇవాళే చెప్పండి.

మా కుర్రాడు అప్పు తెచ్చి పంపు బాగుచేయించుకున్నాడు. మొన్న తెల్లవారుజామున మా వీధి చివర వాడి లారీ ఆగి ఉంటే దగ్గరికి వెళ్ళాను. ఇంజను ఇంకా స్టార్టు చెయ్యలేదు. ఫిల్టరు కింద ఉండే చిన్న మరను వదులు చేసి, గాజు సీసా పట్టుకుని కూర్చున్నాడు. మొదట కొంచెం బురదరంగు నీరు వచ్చింది. తర్వాత చుక్కచుక్కగా నీరూ డీజిలూ కలిసి వచ్చాయి. తేట డీజిల్ రావడం మొదలయ్యాక మర బిగించి, సీసాను వెలుతురుకు ఎత్తి చూపించాడు. అడుగున వేలెడు ఎత్తున నీరు, దాని మీద పసుపు డీజిలు, రెంటి మధ్య గీత గీసినట్లు సరిహద్దు.

"రాత్రి మచిలీపట్నంలో పడుకున్నానండీ మాస్టారూ, ట్యాంకు సగమే ఉంది" అన్నాడు.